చేప కడుపులో పురుగు: మందు ఒక్కటే చాలదు

గాజుతొట్టిలో గప్పీ చేపలు పెంచేవారికి ఎదురయ్యే జబ్బు ఒకటుంది. చేప మేత తింటూనే చిక్కిపోతుంది. మలద్వారం దగ్గర ఎర్రని దారపు పోగుల్లాంటివి వేలాడతాయి. ఇవి కమల్లానస్ అనే పురుగులు. పేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తాయి.

మన ఊళ్లలో గొర్రెలకు, మేకలకు పట్టే లెవామిసోల్ మందునే దీనికీ వాడతారు. తొట్టిలో ఎన్ని లీటర్ల నీరుందో కొలుచుకొని, మోతాదు పశువైద్యుణ్ణి అడగాలి. మందు తగిలిన పురుగు చచ్చుబడి పట్టు వదులుతుంది. బయటపడ్డ పురుగులను, అడుగున చేరిన మలినాన్ని గొట్టంతో లాగేసి నీరు మార్చాలి. పిల్లపురుగులు మిగిలిపోతాయి కనుక రెండు మూడు వారాల తరువాత మళ్లీ మందు వేయాలి. బద్దెపురుగుకైతే ప్రాజిక్వాంటెల్ కావాలి.

ఇంతకీ పురుగు ఎలా వచ్చింది? జబ్బున్న కొత్త చేపతో రావచ్చు. అందుకే కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచాలి. లేదా నీటిలోని సైక్లాప్స్ అనే నలుసంత జీవితో రావచ్చు. చంపావతి మడుగులోనో, చెరువులోనో పట్టిన నీటిపురుగులను మేతగా వేస్తే జబ్బును మనమే తెచ్చినట్లు.

మనుషులకు నారికురుపు తెచ్చిన పురుగు కూడా సైక్లాప్స్‌లోనే ప్రయాణించేది. దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడకట్టి, దిగుడుబావులు మాన్పించి, బోర్లు వేయించి తరిమేశారు. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో భారత్‌కు ఆ జబ్బు నుంచి విముక్తి లభించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

హాస్టల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రకూ ఇదే లెక్క. మాత్ర తప్పక వేసుకోండి. సబ్బుతో చేతులు కడుక్కోండి, మరుగుదొడ్డికి చెప్పులతో వెళ్లండి. మాత్ర కడుపులో ఉన్న పురుగును తీస్తుంది; వచ్చే దారిని మూయవలసింది మనమే.