క్షమ విషయంలో పవిత్ర గ్రంథం రెండు మాటలు చెబుతోందా?



పవిత్ర గ్రంథాన్ని ఇంట్లో తెరచి చదివే అలవాటున్న కుటుంబానికి ఒక చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. రక్షణ దేవుని ఉచిత వరమని ఒకచోట ఉంటుంది. మీరు ఇతరులను క్షమించకపోతే మీ తండ్రి మిమ్మల్ని క్షమించడని ఇంకొకచోట ఉంటుంది. ఎంత ఎర్రని పాపమైనా మంచులా తెల్లబడుతుందని ఒక ప్రవక్త చెబుతాడు. ఒక పాపానికి మాత్రం ఎన్నటికీ క్షమ లేదని సువార్తలో వింటాం. మనిషి విశ్వాసం వల్లనే నీతిమంతుడవుతాడని పౌలు గారు, వట్టి విశ్వాసం వల్ల కాదని యాకోబు గారు రాశారు. ఇందులో ఏది నిజం?

ఈ ప్రశ్న సత్యోపదేశం తరగతిలో పిల్లలు అడగవచ్చు. పక్కవీధి ప్రార్థనా మందిరానికి వెళ్ళే స్నేహితులు అడగవచ్చు. కాని మన పత్తికొండ ప్రాంతంలో, మొత్తం రాయలసీమలో, ఇది వాదన కోసం అడిగే ప్రశ్న మాత్రమే కాదు. ముఠా కక్షల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు ఈ సీమలో ఉన్నాయి. గట్టు తగాదాతో అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇళ్ళు ఇంకా ఎక్కువ. అలాంటి ఇంటివారికి పరలోక జపంలో క్షమను గురించిన మాట రాగానే గొంతు పట్టేస్తుంది. ‘నేను క్షమించలేకపోతున్నాను, మరి నా రక్షణ మాటేమిటి?’ అన్నది వారి ప్రశ్న. వారిని మనసులో పెట్టుకుని ఈ వారం పాఠం చదువుకుందాం.

మూడు తరాలా, వెయ్యి తరాలా?

నిర్గమకాండం 34వ అధ్యాయం 6, 7 వచనాల్లో ప్రభువు తన్ను తాను మోషేకు తెలియజేసుకుంటాడు. ఆయన కరుణామయుడు, వేలాదిమందికి కృప చూపేవాడు, పాపాన్ని మన్నించేవాడు. అయితే అదే వాక్యం చివర తండ్రుల దోషానికి బిడ్డలను, మనుమలను మూడు నాలుగు తరాల వరకు విచారిస్తాడని కూడా ఉంది. పగ పట్టినవాడికి ఈ మాట ఆసరాగా కనిపించవచ్చు. ‘దేవుడే తండ్రి లెక్క కొడుకు దగ్గర చూస్తుంటే నేను చూస్తే తప్పేమిటి?’ అని అడగవచ్చు.

తప్పే. మనుషులకిచ్చిన ఆజ్ఞ ఇందుకు పూర్తిగా భిన్నం. తండ్రి చేసిన నేరానికి కొడుకును చంపకూడదని ద్వితీయోపదేశకాండం 24:16 శాసించింది. యూదా రాజైన అమజ్యా తన తండ్రిని చంపినవారిని శిక్షించాడు, కాని వారి బిడ్డలను ముట్టుకోలేదు. ఆ శాసనం కారణంగానే ముట్టుకోలేదని రెండవ రాజుల గ్రంథం 14:6 ప్రత్యేకంగా చెబుతుంది.

తరువాత బబులోను చెరలో ఉన్న ప్రజలు ఒక సామెత పట్టుకున్నారు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే బిడ్డల పళ్ళు పులిశాయని తమ గతికి పెద్దలను నిందించుకున్నారు. యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో ఆ సామెతను ఇక పలకవద్దన్నాడు. ఎవరి పాపానికి వారే బాధ్యులు. దుష్టుడు సైతం తన దారి మార్చుకుంటే బ్రతుకుతాడు.

మరి మూడు నాలుగు తరాల మాట అబద్ధమా? కాదు. ఒక హత్య జరిగితే దాని నష్టం ఆ రోజుతో ముగియదు. పిల్లల చదువు ఆగుతుంది, చేను బీడు పడుతుంది, కోర్టు ఖర్చులకు ఎద్దులు అమ్ముడుపోతాయి. చంపినవాడి పిల్లలు కూడా భయంతో పెరుగుతారు. తరాల వెంట నడిచేది ఈ నష్టమే. బిడ్డకు అంటనిది అపరాధం. నిర్గమకాండం మొదటిదాన్ని హెచ్చరించింది, యెహెజ్కేలు రెండవదాన్ని స్పష్టం చేశాడు. ఆ హెచ్చరికలో కూడా కోపానికి మూడు నాలుగు తరాలు, కృపకు వేల సంఖ్య ఉండడం గమనించండి. త్రాసు ఎటు మొగ్గిందో తెలుస్తూనే ఉంది.

ఆదికాండం 4:24లో కయీను వంశీకుడైన లామెకు తనకు డెబ్బది యేడు రెట్లు ప్రతీకారం జరుగుతుందని భార్యల ముందు గొప్పలు పోయాడు. ప్రభువును పేతురు గారు ‘ఎన్నిసార్లు క్షమించాలి? ఏడుసార్లా?’ అని అడిగినప్పుడు, ప్రభువు ఇచ్చిన జవాబులో గ్రీకు భాషలో ఉన్నది సరిగ్గా లామెకు సంఖ్యే (మత్తయి 18:22). పగ ఎంతవరకు పెరిగిందో క్షమ అంతవరకు పెరగాలని దాని భావం.

ఉచితమా, షరతు ఉందా?

ఆ జవాబు వెంటనే ప్రభువు ఒక ఉపమానం చెప్పారు. మన చిక్కుముడి విడేది ఇక్కడే. రాజుకు ఒక సేవకుడు పదివేల తలాంతులు బాకీ పడ్డాడు. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దినారాలు. ఒక దినారం ఒక రోజు కూలి. కనుక అతని అప్పు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా 2 లక్షల ఏళ్ళు పడుతుంది. కాస్త గడువిస్తే అంతా కడతానని వాడు కాళ్ళమీద పడ్డాడు. రాజు గడువు ఇవ్వలేదు, అప్పే కొట్టేశాడు. బయటికి వచ్చిన సేవకుడు తనకు నూరు దినారాలు, అంటే మూడు నాలుగు నెలల కూలి, బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. విషయం తెలిసి రాజు వాణ్ణి తిరిగి పట్టించాడు.

ఏది ముందు జరిగిందో చూడండి. తోటివాణ్ణి క్షమించినందుకు బహుమతిగా రాజు అప్పు కొట్టెయ్యలేదు. ముందు రాజు క్షమించాడు, ఉచితంగా. ఎఫెసీయులకు రాసిన లేఖ 2:8, 9 చెప్పేది ఇదే. తరువాత ఆ క్షమ సేవకుని గుండెలో దిగలేదు, వాని చేతుల గుండా అవతలివాడికి చేరలేదు. మత్తయి 6:15లోని హెచ్చరిక దీన్ని గురించే. వాన ఊరందరికీ ఒకటిగానే కురుస్తుంది, బోర్లించిన కుండలో మాత్రం చుక్క నిలవదు. కుండను తిప్పిపెట్టడం వానకు వెల కట్టడం కాదు గదా! కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2840వ సంఖ్యలో ఈ సంగతే బోధిస్తుంది: మనకు అపకారం చేసినవారిని మనం క్షమించనంతకాలం దేవుని కరుణ మన హృదయంలోకి ప్రవేశించలేదు.

విశ్వాసమా, క్రియలా?

ఒకే వైద్యుడు ఒక రోగితో నీళ్ళు బాగా తాగమంటాడు, ఒళ్ళు వాచిన రోగితో నీళ్ళు తగ్గించమంటాడు. వైద్యుడు మాట మార్చాడని ఎవరూ అనరు. పౌలు గారు రోమీయులకు రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నవారు, ధర్మశాస్త్ర క్రియలను చూపి దేవుని ముందు గొప్ప చెప్పుకునేవారు. వారితో విశ్వాసమే అన్నారు (3:28). యాకోబు గారి ముందున్నవారు బట్ట లేని సోదరునికి బట్ట ఇవ్వకుండా ‘సమాధానంగా వెళ్ళు’ అని పంపేవారు. వారితో క్రియలు లేని విశ్వాసం చచ్చినదన్నారు (2:14-26). ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా చూపారు. పౌలు గారే గలతీయులకు రాస్తూ, ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే ముఖ్యమన్నారు (5:6).

నీతిమంతులుగా తీర్చబడడానికి ముందు మనం చేసిన ఏ పనీ ఆ వరాన్ని సంపాదించలేదని ట్రెంటు మహాసభ 1547లోనే బోధించింది. ఈ విషయంపై శతాబ్దాలు విడిపోయి ఉన్న కతోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మెతడిస్టులు 2006లో దానితో ఏకీభవించారు. రక్షణ కేవలం దేవుని వరప్రసాదం వల్లనేనని, ఆ వరప్రసాదం మనల్ని సత్క్రియలకు నడిపిస్తుందని అందులో కలిసి ఒప్పుకున్నారు. కనుక పక్కింటి క్రైస్తవ సోదరునితో ఈ విషయమై గొంతు పెంచనక్కరలేదు.

సిలువపై దొంగకు ఒక్క మంచి పని చేసే వ్యవధి కూడా లేదు, అయినా పరలోకం దొరికింది. జక్కయ్యకు వ్యవధి ఉంది, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగు రెట్లు తిరిగి ఇస్తానన్నాడు. ఇద్దరినీ రక్షించింది ఒకే కరుణ. అయితే వ్యవధి ఉన్నవాడు దొంగ ఉదాహరణ చెప్పి తప్పించుకోకూడదు. ఆక్రమించిన పొలం, పెట్టిన దొంగ కేసు, చెప్పిన అబద్ధపు సాక్ష్యం మన చేతిలోనే ఉంటే, పాపసంకీర్తనం తరువాత వాటిని సరిచేయాలి. పాపవిమోచనం పాపాన్ని తీసివేస్తుంది కాని అది చేసిన నష్టాన్నంతా పూడ్చదని సత్యోపదేశం 1459 గుర్తుచేస్తుంది.

క్షమ లేని పాపం

మార్కు 3:29 చదివి భయపడేవారున్నారు. ఆ మాట ప్రభువు ఎవరితో అన్నారు? కళ్ళెదుట పవిత్రాత్మ చేస్తున్న స్వస్థతను చూసి కూడా అది పిశాచం పని అన్నవారితో. మందునే విషమని పారబోసేవాడికి మందు పనిచేయదు. దేవుని కరుణకు హద్దు లేదని, దాన్ని కావాలని తిరస్కరించినవాడే క్షమకు దూరమవుతాడని సత్యోపదేశం 1864 వివరిస్తుంది. ‘ఆ పాపం నేను చేశానేమో’ అని బాధపడుతూ పాపసంకీర్తనానికి వచ్చేవాడు దాన్ని తిరస్కరించనట్లే.

హెబ్రీయులకు రాసిన లేఖ 6:4-6 కూడా కఠినంగానే ఉంటుంది. మూడవ శతాబ్దంలో హింసలకు జడిసి విశ్వాసాన్ని వదిలినవారు తిరిగి వచ్చినప్పుడు, వారికి శ్రీసభలో చోటు లేదని నొవేషియన్ పట్టుబట్టాడు. పోపు కొర్నేలియస్, కార్తేజి పీఠాధిపతి పునీత సిప్రియన్ ఒప్పుకోలేదు. తగిన ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకోవాలన్నారు. శ్రీసభ వారి మార్గమే అనుసరించింది. ప్రభువును మూడుసార్లు ఎరుగనన్న పేతురు గారి చేతికే గదా ప్రభువు తన గొర్రెలను అప్పగించారు!

క్షమ వేరు, రాజీ వేరు

పత్తికొండకు దగ్గరలో, తుగ్గలి మండలం ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయినందుకు పశ్చాత్తాపపడ్డ చక్రవర్తి, తనకు అపకారం చేసినవాణ్ణి సైతం క్షమించగలిగినంత వరకు క్షమించాలన్నాడు. క్రీస్తుకు ముందు మూడవ శతాబ్దంలో పలికిన ఆ మాట గొప్పది. ‘క్షమించగలిగినంత వరకు’ అన్న ఆ గీతను ప్రభువు సిలువ మీద దాటారు.

అయితే క్షమ అంటే మన ఊళ్ళలో జరిగే రాజీ కాదు. రాజీలో పెద్దమనుషులు కూర్చుంటారు, డబ్బు చేతులు మారుతుంది, సాక్షులు మాట మారుస్తారు, జరిగిన తప్పును ఎవరూ పేరు పెట్టి చెప్పరు. క్షమలో తప్పును తప్పనే అంటాం, ప్రతీకారాన్ని వదులుకుంటాం. న్యాయస్థానం తన పని తాను చేస్తుంది. భర్తను పోగొట్టుకున్న తల్లిని క్షమించమని ఒత్తిడి చేసే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు. ఆమెను ఆ మార్గాన మెల్లగా నడిపించవలసింది పవిత్రాత్మ.

మధ్యప్రదేశ్‌లో పేదల పక్షాన నిలిచిన సిస్టర్ రాణి మరియ గారిని 1995 ఫిబ్రవరి 25న బస్సు ప్రయాణంలో పొడిచి చంపారు. హంతకుడు జైలుపాలయ్యాడు. ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మి గారు 2002లో జైలుకు వెళ్ళి అతనికి రాఖీ కట్టి సోదరుడన్నారు. ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించాక అతడు 2006లో విడుదలయ్యాడు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణి మరియ గారిని ధన్యురాలిగా ప్రకటించారు. హత్యకూ రాఖీకీ మధ్య ఏడేళ్ళు గడిచాయి. క్షమకు కాలం పట్టవచ్చు.

ఇంకా క్షమించలేకపోతున్న సోదరీ, సోదరుడా! బాధ కలగకుండా చూసుకోవడం, మరచిపోవడం మన చేతిలో లేవని సత్యోపదేశం 2843 ఒప్పుకుంటుంది. ఆ గాయాన్ని పవిత్రాత్మకు అప్పగించడం, అవతలివాడి కోసం ప్రార్థించడం మన చేతిలో ఉన్నాయి. ‘ప్రభువా, నాకు క్షమించాలని లేదు, ఆ కోరికనైనా నాకివ్వండి’ అని అడగగలిగితే చాలు, కుండ తిరగడం మొదలైనట్లే. పరలోక జపాన్ని మధ్యలో ఆపవద్దు. ఆ మాటను అడుక్కుంటున్నట్లుగానే చెప్పండి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

1. మన ఇంట్లో పిల్లలకు ఎవరి మీదనైనా పగను నేర్పుతున్నామా? వారి ముందు ఎవరి పేరు ద్వేషంతో పలుకుతున్నాం?

2. మనం తిరిగి ఇవ్వవలసినది, సరిచేయవలసినది ఏదైనా మిగిలి ఉందా?

3. మత్తయి 18:21-35 కలిసి చదవండి. మనకు కొట్టేసిన అప్పు ఏది, మనం ఇంకా వసూలు చేస్తున్న నూరు దినారాలు ఏవి?