బలసాధనకు క్రమము

బాలలారా! మితము తప్పిన భోజనమువలెనే మితము తప్పిన వ్యాయామమును శరీరమునకు కీడు చేయును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నేడు వ్యాయామశాలలకు పోవు యువకులు కలరు. కొత్తవాడు మొదటినాడే ప్రక్కవాడెత్తిన బరువును ఎత్తబూనినచో నడుము నొప్పి తెచ్చుకొని సాధననే మానవలసి వచ్చును. కావున ఏ వ్యాయామము చేయవలెను, ఎంత తీవ్రముగా చేయవలెను అను రెండు విషయములను అతడు ముందుగా తెలిసికొనవలెను.

చేసిన పనిని బట్టియే బలము వచ్చును. సిరిసిల్లలో సాంచెలనెడి మరమగ్గముల నడుమ దినమంతయు నిలిచి పనిచేయు కార్మికునకు కాళ్లయందు ఓర్పు అలవడును. కోరుట్ల ప్రాంతమున పసుపు బస్తాలు మోయు హమాలీకి నడుము, తొడలు గట్టిపడును. ఇరువురును శ్రమజీవులే, అయినను ఒకరి పని మరియొకరికి మొదటినాడే చేతగాదు.

ఈ భేదము ఒకే వ్యక్తియందును కానవచ్చును. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతియందు కాంస్యపతకము సాధించి, ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ భారతీయ వనిత యయ్యెను. నేలనుండి ఒక్క ఊపున తలపైకెత్తు స్నాచ్ పద్ధతిలో ఆమె 110 కిలోలు ఎత్తెను. మొదట భుజములకు చేర్చి పిదప తలపైకెత్తు క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 130 కిలోలు ఎత్తెను. మనిషి ఒకరే, దినము ఒకటే. పద్ధతి మారగా బరువు మారినది.

ఇక తీవ్రత. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠభారములో నూటికి 60 మొదలు 70 పాళ్ల బరువును 8 మొదలు 12 సార్లు ఎత్తుట కొత్తవానికి చాలునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అనగా 20 కిలోలు ఎత్తగలవాడు 12 మొదలు 14 కిలోలతో సాధన చేయవలెను. తొలి వారములలో కండ అంతగా పెరుగదు. కండలను నడపు నాడులు పనిని నేర్చుకొనును. అప్పటి బలవృద్ధి ముఖ్యముగా అందువలననే కలుగును. ఆ దినములలో అధికభారమునకు ఆశపడి వంకర భంగిమతో ఎత్తినచో, ఆ వంకరయే అలవాటగును.

1940 దశకమున అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికులచేత బరువులను క్రమముగా పెంచుచు ఎత్తించి, వారి సడలిన కండలకు తిరిగి బలము చేకూర్చెను. రోగికైనను, మల్లునికైనను మార్గ మిదియే.

మీరు దండీలు, బస్కీలతో ప్రారంభింపుడు. వారమునకు మూడు దినములైనను కండలకు, ఎముకలకు బలమిచ్చు వ్యాయామము చేయుడు. గురువు చెంత లేనిదే బరువులను ముట్టకుడు. ప్రక్కవాని బరువును గాక, నిన్నటి మీ బలమునే కొలమానముగా నుంచుకొనుడు.

ప్రశ్నలు
1. ఒకే దినమున మల్లేశ్వరి రెండు వేర్వేరు బరువులు ఎత్తుటకు కారణమేమి?
2. తొలి వారములలో బలము పెరుగుటకు ముఖ్యకారణమేమి?
3. మీ ఊరిలో జరుగు రెండు వృత్తులను పేర్కొని, అవి శరీరమున ఏయే భాగములకు బలమిచ్చునో వ్రాయుడు.