సామగ్రి మనది, పనితనం మేస్త్రిది
స్నానాలగది అమరికకు పనివారిని కుదుర్చుకొనే విధానం

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇల్లు కొన్నప్పుడు గాని, పాత ఇంటిని బాగుచేయించుకొనేటప్పుడు గాని స్నానాలగది సామగ్రిని తామే ఎంచి కొనుక్కోవడం ఇప్పుడు సర్వసాధారణమైంది. కొళాయిలు, షవరు, వాష్‌బేసిన్, గోడకు బిగించే కమోడ్, గీజరు అన్నీ తగ్గింపు ధరలకు లభిస్తున్నాయి. చిక్కు ఆ తరువాతనే ఎదురవుతుంది. పెట్టెలు ఇంటికి చేరుతాయి గాని బిగించే మనిషి దొరకడు. దొరికినవాడు కూడా "సామాను మీరే తెచ్చుకున్నారా?" అని అడిగి, రేపు వస్తానని చెప్పి వెళ్లిపోతాడు.

ప్లంబరు ఇలా వెనుకాడడానికి కారణాలున్నాయి. సామాను తానే తెస్తే అంగడివాడిచ్చే కొద్దిపాటి మిగులు అతనికి దక్కుతుంది. మీరు తెస్తే అది పోతుంది. అంతకన్న ముఖ్యమైనది బాధ్యత. బిగించిన వారానికి నీరు కారితే అంగడివాడు బిగింపులో లోపమంటాడు, ప్లంబరు వస్తువులో లోపమంటాడు. ఈ వాదన తేలేలోగా కింది అంతస్తువారి పైకప్పు చెమ్మగిలుతుంది, దాని ఖర్చు మన నెత్తిన పడుతుంది. వస్తువును, పనిని వేర్వేరు చోట్ల కొన్నప్పుడు ఆ రెండింటిని కలిపే బాధ్యత గృహస్థుదే అవుతుంది. అది తెలిసి పని మొదలుపెడితే సగం వివాదాలు తలెత్తవు.

కొనకముందే చూపించుకోవడం

సాధారణంగా జరిగేది ముందు కొనడం, తరువాత ప్లంబరును పిలవడం. ఈ వరుసను తిరగేయడం మేలు. చూసిపోయినందుకు అతనికి తగిన రుసుము ముట్టజెప్పి, గదిని కొలిపించుకొని, కొలతలు కాగితంపై రాయించుకొని అంగడికి వెళ్లాలి.

కమోడ్ విషయంలో ఈ కొలతే ప్రాణం. మురుగు నేలలోకి దిగే ఎస్-ట్రాప్ రకంలో, టైల్స్ వేసిన గోడ నుంచి మురుగు గొట్టం నడిమి వరకు ఎంత దూరమో చూడాలి. 4 అంగుళాలు, 9 అంగుళాలు, 12 అంగుళాలు, అనగా సుమారు 100, 225, 300 మిల్లీమీటర్ల రకాలు మార్కెట్టులో వాడుకలో ఉన్నాయి. 9 అంగుళాల గొట్టమున్న చోటికి 4 అంగుళాల కమోడ్ తెస్తే అది గోడకు దూరంగా, గదికి అడ్డంగా నిలుస్తుంది. తిరుగవేసి తెస్తే అసలు కూర్చోదు. పి-ట్రాప్ రకంలో మురుగు గోడలోకి పోతుంది కనుక అక్కడ దూరానికి బదులు నేల నుంచి ఎత్తు కొలవాలి.

వాష్‌బేసిన్ కొన్నప్పుడు మరొక చిన్న వస్తువు మరవరాదు. బేసిన్ పైఅంచు దగ్గర పొంగునీరు పోయే రంధ్రముంటే దాని అడుగున బిగించే వేస్ట్ కప్లింగ్ 'హాఫ్ థ్రెడ్' రకమై ఉండాలి, ఎందుకంటే ఆ కప్లింగ్ పక్కన ఉన్న సందుల గుండానే పొంగునీరు గొట్టంలోకి దిగుతుంది. రంధ్రం లేని బేసిన్‌కు 'ఫుల్ థ్రెడ్' కావాలి. ఒకదానికి బదులు మరొకటి తెచ్చి పని ఆగిపోయిన ఇళ్లు తక్కువేమీ కావు.

గోడలో దాగే డైవర్టరు సంగతి ఇంకా సున్నితమైనది. దాని లోపలి భాగాన్ని టైల్స్ వేయకముందే గోడలో అమర్చాలి. ఎంత లోతున ఉండాలో దాని పైతొడుగు మీద గుర్తులుంటాయి. లోతు ఎక్కువైతే బయటి పిడి అందదు, తక్కువైతే పలక గోడకు ఆనదు. లోపలి భాగం ఒక కంపెనీది, బయటి పలక మరొక కంపెనీది అయితే అవి సాధారణంగా కలవవు.

ఇక నీటి ఒత్తిడి. నీటిమట్టం ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి ఇస్తుంది. పై అంతస్తులో షవరు తలకు 3 మీటర్ల ఎత్తున మాత్రమే ట్యాంకు నీరుంటే దక్కేది దాదాపు 0.3 బార్. అంగడి గోడకు తగిలించి వానలా కురిపించి చూపిన పెద్ద షవరు అక్కడ బొట్లుబొట్లుగా రాలుతుంది. ఇందులో ప్లంబరు తప్పు లేదు. పెట్టెపై గాని, లోపలి కాగితంలో గాని ముద్రించిన కనీస ఒత్తిడి అంకెను చూసి కొనడమే దీనికి మార్గం. లేదా ప్రెషర్ పంపు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. బోరునీరు వాడే ఇళ్లలో ఉప్పుపేరుకొని కొళాయి మూతిలోని జల్లెడ పూడిపోతుంది కనుక, విప్పి కడుగుకొనేందుకు వీలైన ఏరేటరు ఉన్నదే ఎన్నుకోవాలి. 2024 వేసవిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి వాణిజ్య సంస్థలు, హోటళ్లు మొదలైన చోట్ల ఈ ఏరేటర్లను తప్పనిసరి చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఎవరిని పిలవాలి, ఏ మాటతో పిలవాలి

స్నానాలగది పని ఒక్కరిది కాదు. గొట్టాలు ప్లంబరువి, గోడ పగలగొట్టి పూడ్చి టైల్స్ అతికించడం గారపని మేస్త్రిది, గీజరు తీగ ఎలక్ట్రీషియనుది. అన్నీ నేనే చేస్తానన్న వ్యక్తిని నమ్మే ముందు, విద్యుత్తు పని మాత్రం లైసెన్సున్న వారితోనే చేయించుకోవాలని మనవి. 3000 వాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. తడిచేతితో ముట్టుకొనే చోట ఇవి ప్రాణరక్షణ సాధనాలు.

ఇంటిలోపలి కొళాయి బిగింపునకు ఎవరినైనా పిలవవచ్చు గాని, వీధిలోని నీటి లైనుకు గాని మురుగు లైనుకు గాని కలిపే పని జలమండలి గుర్తించిన లైసెన్సు ప్లంబరు ద్వారానే జరగాలి. మ్యాన్‌హోల్ పూడుకొంటే దానిలోకి దిగమని ఏ ప్లంబరునూ, కూలీనీ అడగరాదు. 2013 నాటి చట్టం ప్రకారం అది నేరం, పైగా లోపలి విషవాయువులకు మనుషులు చనిపోతున్నారు. జలమండలి సహాయవాణి 1916కు ఫోను చేస్తే యంత్రంతో శుభ్రం చేస్తారు.

మంచి ప్లంబరు కోసం అపార్టుమెంటు సంఘాన్ని, వీధి చివరి హార్డ్‌వేర్ అంగడిని, మీరు కొన్న కంపెనీ సేవాకేంద్రాన్ని అడగవచ్చు. కంపెనీ మనిషి బిగిస్తేనే వారంటీ వర్తిస్తుందని కొన్ని వస్తువుల కాగితాలలో ఉంటుంది. అది చదివాకే బయటివారిని పిలవాలి. ఒకరి పేరు దొరికాక, అతడు నిన్న చేసిన పని కాక ఏడాది కిందట చేసిన పనిని చూడండి. కొత్త అతుకు ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది.

నగరంలో మీకు తారసపడే ప్లంబర్లలో ఒడిశా రాష్ట్రం కేంద్రాపడా జిల్లావారు ఉండవచ్చు. ఆ జిల్లా దేశమంతటికీ ప్లంబర్లను పంపుతోంది. అక్కడి పట్టాముండాయిలో ఈ విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. వారితో హిందీ సరిపోతుంది. కన్నడ మేస్త్రులతో నాలుగు మాటలు నేర్చుకొంటే పని తేలికవుతుంది. కొళాయిని కన్నడంలో 'నల్లి' అంటారు, తెలంగాణవారి 'నల్లా'కు అది దగ్గరి చుట్టం. 'నల్లి సోరుత్తిదె' అంటే కొళాయి కారుతున్నదని అర్థం. గుత్త పనిని 'గుత్తిగె' అని, ముందుగా ఇచ్చే సొమ్మును 'ముంగడ' అని అంటారు. మేస్త్రి 'ఒట్టు' ఇంత అన్నప్పుడు ప్రమాణం చేస్తున్నాడనుకోవద్దు. కన్నడంలో ఒట్టు అంటే మొత్తం. బేరం కుదిరే వేళ 'ఒట్టు ఎష్టాగుత్తె?' అని మీరే అడిగితే, విడివిడి అంకెలు తరువాత పెరగకుండా ఉంటాయి.

కాగితం మీద పెట్టుకోవలసినవి

గుత్త మంచిదా, రోజుకూలి మంచిదా అని చాలామంది అడుగుతారు. ఉన్న గొట్టాలకే కొత్త సామాను బిగించడమైతే వస్తువుకింత అని గుత్తకు ఇవ్వడం ఉత్తమం. తుప్పుపట్టిన పాత ఇనుపగొట్టాలున్న ఇంట్లో గోడ తెరిస్తే ఏమి బయటపడుతుందో ప్లంబరుకు కూడా తెలియదు. అక్కడ గుత్తకు పట్టుబడితే అతడు నష్టాన్ని పనిలో రాబట్టుకొంటాడు. రోజుకూలియే న్యాయం.

ఒక్క పేజీ కాగితం చాలు. అందులో వస్తువుల పట్టిక, టెఫ్లాన్ టేపు, యాంగిల్ కాక్, కనెక్షన్ పైపు, సిలికాన్ వంటి చిల్లర సామాను ఎవరు తెచ్చేదీ, టైల్స్ పగిలితే ఎవరు భరించేదీ, శిథిలం ఎవరు ఎత్తేదీ, ఎన్నాళ్లలోపు నీరు కారితే ఉచితంగా వచ్చి సరిచేసేదీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. పెట్టెలను ప్లంబరు రాకముందే విప్పవద్దు. అతని సమక్షంలో విప్పి, పగుళ్లు, కొరతలు లేవని చూసి, ఫోటో తీసి పెట్టుకొంటే వస్తువు లోపమా, పని లోపమా అన్న ప్రశ్నకు సాక్ష్యం ఉంటుంది. మీరు తెచ్చిన దానిలో ఒక భాగం తక్కువై పని ఆగితే, ఆ రోజు కూలి అతనికి ఇవ్వడం ధర్మం. అతడు మరొక పని వదులుకొని వచ్చాడు.

ముంగడ మూడో వంతు మించకపోవడం మంచిది. చివరి వాయిదా పరీక్ష తరువాతనే ఇవ్వాలి. గోడలో దాగే గొట్టాలకు టైల్స్ వేయకముందే ఒత్తిడి పరీక్ష జరగాలి, ఆ తరువాత అడిగి లాభం లేదు. బేసిన్‌ను నిండా నింపి ఒక్కసారిగా వదిలి అడుగున పొడి కాగితంతో అతుకులు తుడిచి చూడండి; చిన్న చెమ్మ కూడా కాగితంపై తెలుస్తుంది. సీపీవీసీ గొట్టాల అతుకు ఆరడానికి ఎంత సమయం కావాలో ఆ జిగురు డబ్బా మీద ఉంటుంది. అంతవరకు నీరు వదలమని తొందరపెట్టరాదు.

అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని అనుమతిని వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకొని, తీసిన పాత కొళాయిలను భద్రపరచుకోవాలి. ఇల్లు ఖాళీ చేసేనాడు వాటిని తిరిగి బిగించి, మీవి మీరు తీసుకుపోవచ్చు.

వివాదం తేలకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. సొమ్ము చెల్లించి చేయించుకొన్న పనిలోని లోపం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. బిల్లు, సంతకాల కాగితం, పెట్టె విప్పిన నాటి ఫోటోలు, సొమ్ము పంపిన యూపీఐ వివరం దానికి జతచేయాలి.