పెరటి నేలను గూర్చి మేనకోడలికి



గుంటూరు పొలిమేరలో మీరు కట్టుకొన్న ఇంటి వెనుక నలుబది అడుగుల చదరపు స్థలము మిగిలినదనియు, దానిని నీవును అల్లుడును సెలవుదినములలో స్వహస్తములతోనే తోటగా దిద్దుకొన సంకల్పించితిరనియు వ్రాసిన నీ జాబు చదివి మిక్కిలి సంతోషించితిని. దానితోపాటు నాటదలచిన మొక్కల పట్టికయు పంపితివి. ఆ పట్టికను కొన్నాళ్ళు భద్రపఱచి, మొదట నేలను చూడుమని చెప్పుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను. పెరటిలో ముందుగా కుదురవలసినది నీటి నడక, పిదప మనుష్యుల నడక. ఆ రెండును కుదిరిన చోట మొక్క తనంతట తాను నిలద్రొక్కుకొనును.

మీది నల్లరేగడి. ఆ మన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకొని, వేసవిలో చేయి దూరునంతటి నెఱ్ఱెలు విచ్చును. కావున తొలకరికి ముందే అచ్చటచ్చట అడుగు లోతు గుంటలు త్రవ్వి నీటితో నింపుము. మొదటి నీరు నెఱ్ఱెలలోనికి పోవును గనుక దానిని లెక్కింపవలదు. రెండవమారు నింపిన నీరు మఱునాటి ఉదయమునకును గుంటలో నిలిచియున్నచో, అచ్చట వేళ్ళకు ఊపిరాడదని గ్రహింపుము. అట్టిచోట మన్నును ఎగద్రోసి ముప్పాతిక అడుగు ఎత్తున మడులు కట్టుకొనవలెను. నిమ్మకును మల్లెకును ఈ ఎత్తు ప్రాణాధారము.

ఇంటి గోడనుండి నీరు వెలుపలికి జాఱిపోవునట్లు ఎనిమిదడుగులకొక అంగుళము చొప్పున వాలు చేయుట రెండవ పని. దీనికి గొప్ప పనిముట్లు అక్కఱలేదు. తాపీపనివారు వాడునట్టి పారదర్శకమైన సన్నని గొట్టమును గాలిబుడగలు లేకుండ నీటితో నింపి, రెండు కొనలను రెండు కఱ్ఱలకు కట్టి నిలిపినచో, రెండింటిలోను నీరు ఒకే మట్టమున నిలుచును. ఆ మట్టమునుండి నేలకు గల దూరమును రెండుచోట్లను కొలిచిన, ఏది మెఱకయో ఏది పల్లమో తేటపడును. ఈశాన్యము పల్లముగా నుండవలెనను పెద్దల మాట నాకును గౌరవనీయమే. అయినను వీధి కాలువ ఏ దిక్కున నున్నదో విచారించి మఱి పలుగు పట్టుడు. వంటింటి నీరు వెలికి వచ్చు చోట అరటిపిలకను, దాని నీడలో చేమదుంపలను నాటుము. ఎంత నీరైనను త్రాగి బలియు జాతులవి.

త్రోవ విషయములో తొందరపడకుము. నూతినుండి పెరటి వాకిటికి మీరు నిత్యము ఎటు నడుచుచున్నారో గమనించి, ఆ జాడవెంట త్రాడు పఱచి, ముగ్గుపిండితో గీతలు గీసి, కొన్నాళ్ళు దానిపైననే నడచి చూడుడు. వంపు కాలికి అడ్డు తగిలినచో ముగ్గును చెఱిపి మరల గీయుట ఎంతటి పని? ఇద్దఱు ప్రక్కప్రక్కగా నడుచుటకు నాలుగడుగులు కనీసపు వెడల్పు. పిదప పైమన్ను తీసి, నాలుగంగుళముల గ్రావెలు పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, దానిపై రెండంగుళముల ఇసుక పఱచి, పల్నాటి నాపరాళ్ళను వ్రేలెడు సందు విడిచి పేర్చుడు. సందులలో ఇసుకయే నింపుడు, సిమెంటు వలదు. రేగడి ఏటేట కదలును. సిమెంటుతో బిగించిన త్రోవ పగులును గాని, ఇసుకపై పఱచిన రాయి క్రుంగినచో దానినొక్కదానిని ఎత్తి సరిచేయవచ్చును. ఈ ఒక్క మాటయందు మాత్రము మేస్త్రీలెంత చెప్పినను లొంగకుము.

ఇక వృక్షములు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను అధ్యాయమున, చెట్టునకును చెట్టునకును ఇరువది మూరల ఎడము ఉత్తమమనియు, పదునాఱు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు విధించి, కొమ్మలు తాకి వేళ్ళు పెనగొన్న చెట్లు చక్కగా ఫలింపవని హేతువును చెప్పినాడు. ఇరువది మూరలనగా ముప్పదియడుగులు. నేటి తోటలలో మామిడికి విడుచు పది మీటర్లకు ఇది ఎంత చేరువయో చూడుము! నీ పట్టికలోని మామిడి, పనస, నేరేడు, వేప నాలుగును ఆ నలుబది అడుగులలో ఇముడవు. ఒక్క మామిడి అంటు చాలును. పడమటి ఎండకు అడ్డుపడునట్లు, గోడకు వీలైనంత దూరముగ నాటుము. పెద్ద చెట్ల వేళ్ళు పునాది క్రింది తేమను పీల్చినప్పుడు రేగడి కుంచించుకొని గోడలు బీటలు వాఱుటకు అవకాశము కలదు.

మిగిలినచోట కరివేపయు పారిజాతమును సరిపోవును. కంచె ప్రక్కన గన్నేరు వేయుదునంటివి; ఆకు మొదలు వేరు వఱకు అది విషము, మీ చంటివాడు దేనినైనను నోటనిడుకొను ప్రాయమువాడు. దానిని మానుము. మల్లెను కిటికీ దాపున నాటి, జనవరిలో కొమ్మలు కత్తిరించి ఆకు దూసినచో, వేసవి సాయంకాలములు మీ గదినిండ పరిమళించును. అంట్లకై కడియపులంక వెళ్ళినప్పుడు పొడవు చూచి మోసపోకుము. సంచిలో వేరు సుడులు చుట్టుకొనని పొట్టి మొక్కయే మేలు.

ఈ యేడు వాలును త్రోవయు ముగించుడు. మామిడికి మూడడుగుల గొయ్యి ఇప్పుడే త్రవ్వి, పైమన్ను వేఱుగ పోసి, ఎండకు వదలియుంచుడు. తొలి వానలు పడగనే ఆ పైమన్నునే మాగిన పశువులెరువుతో కలిపి పూడ్చవలెను. అయితే పూడ్చకముందు, మొదటి పెద్దవాన వెలిసిన వెంటనే నీరెచ్చట నిలిచినదో కాగితముపై గీసి నాకు పంపుము. గొయ్యి ఆ పల్లముననే పడియున్నచో చోటు మార్చుదము.

ఇట్లు
నీ మేలుకోరు
మామయ్య