అంకెల మొత్తం అక్షరాల్లో

ప్రశ్న: రసీదులోని మొత్తాన్ని తెలుగు అక్షరాల్లో రాసే ప్రోగ్రాం ఎలా?

జవాబు: సంఖ్యను కోటితో, శేషాన్ని లక్షతో, ఆపై వెయ్యితో, వందతో వరుసగా భాగించాలి. ఇంగ్లిష్ పద్ధతిలో మూడేసి అంకెలుగా విడగొడితే లక్షలు చేతికందవు. పట్టికలో పంతొమ్మిది వరకు పేర్లు, తర్వాత పదుల పేర్లు ఉంటే చాలు. ఈ విషయంలో హిందీ కంటే తెలుగు ఎంతో సులువు. అక్కడ 99 దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ విడి పేరు ఇవ్వాల్సిందే.

అసలు చిక్కు శేషం దగ్గరే. 200 ‘రెండు వందలు’, 250 ‘రెండు వందల యాభై’. 100 ‘వంద’, 101 ‘నూట ఒకటి’. అందుకే ప్రతి స్థానానికీ ఏకవచనంలోనూ బహువచనంలోనూ రెండేసి రూపాలు దాచి, శేషం సున్నా అవునో కాదో చూసి ఎంచుకోవాలి. 1,25,430 అప్పుడు ‘లక్షా ఇరవై ఐదు వేల నాలుగు వందల ముప్పై’ అవుతుంది.

చివర ‘రూపాయలు’ చేరితే మాత్రం శేషం లేకున్నా ‘రెండు వందల రూపాయలు’ అనే రావాలి.