పరీక్ష తేదీ మారితే ప్లాన్ ఏమవ్వాలి?

తెలంగాణ గ్రూప్-1 కోసం 2022లో టైమ్‌టేబుల్ గోడకు అంటించుకున్నవాళ్ల సంగతి చూడండి. ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాస్తే, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్! ఫలానా తేదీకి ఫలానా చాప్టర్ అని గీసుకున్న ఏ ప్లాన్ దీనికి నిలుస్తుంది?

అలాగని ప్లానే వద్దనుకుంటే ఇంకా నష్టం. ఏ రోజు ఏది బుద్ధి పుడితే అది చదివేవాళ్లు ఇష్టమైన పాలిటీని నాలుగుసార్లు తిరగేస్తారు, ఎకానమీ పుస్తకం అట్ట కూడా నలగదు.

తేదీలతో కాకుండా పనితో ప్లాన్ వేసుకోండి. వారానికి ఇన్ని చాప్టర్లు, ఒక మాక్ టెస్టు, ఇన్ని జవాబులు రాయడం. పరీక్ష వాయిదా పడినా ఆ వారం పని మారదు. ఆదివారం సగం రోజు మాత్రం ఖాళీగా ఉంచండి. మిగిలిపోయినవి అప్పుడు పూర్తిచేస్తారో, సినిమాకే వెళ్తారో మీ ఇష్టం. దాన్ని కూడా ముందే నింపేస్తే సోమవారానికే ప్లాన్ తప్పుతుంది.

మధ్యలో ఇంకో నోటిఫికేషన్ పడితే? 2023 జులై 1న గ్రూప్-4 జరిగింది, గ్రూప్-1 ప్రిలిమ్స్ అయిన మూడు వారాల్లోపే. మొదటి పేపర్ జనరల్ నాలెడ్జ్, చాలావరకు చదివిందే. రెండోది సెక్రటేరియల్ ఎబిలిటీస్, దానికి విడిగా ప్రాక్టీసు కావాలి. లెక్కలు, రీజనింగ్ చేతిలో ఉన్నవాళ్లకు అది వదులుకోకూడని అవకాశం. లేనివాళ్లు కొత్త సిలబస్ ఎన్ని వారాల పనో లెక్కేసుకుని తేల్చుకోవాలి. ‘ఓ రాయి వేద్దాం’ అని ఫీజు కట్టి, ఏమీ చదవకుండా సెంటర్‌కు వెళ్లి రావడం చొరవ కాదు, ఒక రోజు దండగ.

ఉద్యోగం ఆఫర్ వస్తే జీతంతో పాటు రోజుకు చదువుకు ఎన్ని గంటలు మిగులుతాయో అడిగి తెలుసుకోండి. మూడు గంటలు మిగిలినా చేరిపొమ్మనే నా సలహా. ఇంట్లో డబ్బు అడగాల్సిన అవసరం తప్పితే చదువు కుదురుగా సాగుతుంది. ఎన్నేళ్లు ప్రయత్నించాలన్నది మాత్రం ఫలితాలు వచ్చిన రోజు తేల్చకండి. ఇప్పుడే కాగితం మీద రాసి, ఇంట్లో చెప్పేయండి.