చంకకు పాకితే రొమ్ము తీసేయాల్సిందేనా?

ప్రశ్న: అమ్మకు 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ చంకలోని లింఫ్ గ్రంథులకూ పాకిందన్నారు. రొమ్ము మొత్తం తీసేయాలా?
– ఓ పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: అన్నిసార్లూ అక్కర్లేదమ్మా. చంక వరకే ఉంటే నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స చేస్తాం. రొమ్ము ఉంచాలా, తీయాలా అన్నది గడ్డ సైజును బట్టి, అది ఎన్ని చోట్ల ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. గడ్డ వరకే తీస్తే తర్వాత రేడియేషన్ ఇవ్వాలి. గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నట్టు సూది పరీక్షలో తేలినవారిలో చాలామందికి ముందు కీమో ఇచ్చి, ఆపైన ఆపరేషన్ చేస్తారు. చంకలో గ్రంథులు ఎక్కువగా తీస్తే ఆ వైపు చెయ్యి వాయొచ్చు. అమ్మ పత్తి ఏరే పనికి వెళ్తుంటే ఆ చేతికి గ్లౌజు వేయించండి. చిన్న గీత పడినా వెంటనే కడిగించండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద చికిత్స దొరుకుతుంది. పసరు మందులతో నెలలు పోగొట్టకుండా, రిపోర్టులన్నీ పట్టుకుని ఈ వారమే బయల్దేరండి.